ఎ380ని ఓడించింది జంబో జెట్టేనా?

ప్రశ్న:
ఎయిర్‌బస్ తయారుచేసిన రెండంతస్తుల భారీ విమానం ఎ380లో ప్రయాణించినవారిలో దాన్ని మెచ్చుకోనివారు నాకు ఇంతవరకు కనబడలేదు. అయినా 2007లో సింగపూర్ ఎయిర్‌లైన్స్‌తో సేవలోకి వచ్చిన ఆ విమానం తయారీని ఆపేస్తున్నట్టు 2019 ఫిబ్రవరిలోనే ప్రకటించారు. విమానయాన సంస్థలకు మొత్తం 251 మాత్రమే అందాయి. జంబో జెట్ అని పేరుపడ్డ బోయింగ్ 747 మాత్రం యాభై ఏళ్లకు పైగా తయారై 1,574 దాకా వెళ్లింది. ఎ380 ఓటమికి కారణం బోయింగ్ పోటీయా, ఎయిర్‌బస్ వేసుకున్న లెక్కలోనే తప్పుందా? వివరంగా తెలిసినవారు చెప్పగలరు.

మొదటి జవాబు:
747 దాన్ని ఓడించలేదండి. ఎ380కి పోటీగా బోయింగ్ తెచ్చిన 747-8 ప్రయాణికుల విమానాన్ని కొన్న పెద్ద సంస్థలు లుఫ్తాన్సా, కొరియన్ ఎయిర్, ఎయిర్ చైనా మాత్రమే. రెండింటినీ దెబ్బతీసినవి రెండింజన్ల విమానాలు. ఒక ఇంజన్ ఆగిపోతే రెండోదానితో 60 నిమిషాల్లో ఏదో ఒక విమానాశ్రయం చేరగలిగే దారుల్లోనే అవి ఎగరాలన్న నిబంధన ఉన్నంతకాలం, మహాసముద్రాల మీది ప్రయాణాలు ఎక్కువగా మూడింజన్ల, నాలుగింజన్ల విమానాలవే. ఆ హద్దును 1985లో 120 నిమిషాలకు, తర్వాత 180 నిమిషాలకు పెంచడంతో పరిస్థితి తారుమారైంది. బోయింగ్ 777-300ఈఆర్ సుమారు 350 మందిని, వారితోపాటు బోలెడంత సరుకును రెండే ఇంజన్లతో మోసుకుపోతుంది. ఎ380లో అడుగు భాగమంతా చాలావరకు ప్రయాణికుల సామానుకే సరిపోతుంది. పైగా రద్దీ లేని నెలల్లో ఐదువందల సీట్లు నింపాలంటే టికెట్ ధర తగ్గించక తప్పదు.

రెండో జవాబు:
పై జవాబుతో చాలావరకు ఏకీభవిస్తాను కానీ, ఎయిర్‌బస్ సొంత తప్పులను తక్కువ చేయకూడదు. ముందుముందు ఇంకా పొడవైన రకం తయారు చేయాలన్న ఆలోచనతో ఎ380 రెక్కలను అవసరానికి మించి పెద్దవిగా రూపొందించారు. ఆ పొడవైన రకం రాలేదు, అదనపు బరువు మాత్రం మిగిలింది. హాంబర్గ్, టూలూజ్ బృందాలు ఒకే డిజైన్ సాఫ్ట్‌వేర్‌ను వేర్వేరు వెర్షన్లలో వాడటంతో విద్యుత్ తీగలు సరిగ్గా అతకలేదు. దానివల్ల విమానాల అప్పగింత దాదాపు రెండేళ్లు ఆలస్యమైంది, సరుకు రవాణా రకానికి ఆర్డరిచ్చిన ఫెడెక్స్, యూపీఎస్ తప్పుకున్నాయి. అన్నిటికంటే పెద్ద దురదృష్టం ఇంజన్లది. ఎ380 వచ్చిన కొద్ది ఏళ్లకే, 2011లో సేవలోకి వచ్చిన బోయింగ్ రెండింజన్ల విమానం 787 ఇంధనాన్ని ఎంతో పొదుపుగా వాడే కొత్త తరం ఇంజన్లను తెచ్చింది.

మూడో జవాబు:
హైదరాబాదు నుంచి చూస్తే ఈ సంగతి మరింత బాగా అర్థమవుతుంది. 2014లో ఎ380 దిగడానికి మన దేశంలో అనుమతించిన నాలుగు విమానాశ్రయాల్లో శంషాబాద్ ఒకటి. కానీ ఇక్కడి నుంచి యూరప్‌కు నేరుగా వెళ్లే సర్వీసులు నిలబడింది 787 వంటి విమానాల మీదే. లుఫ్తాన్సా 2024 జనవరిలో ఫ్రాంక్‌ఫర్ట్ సర్వీసును 787తోనే మొదలుపెట్టింది. ఒకప్పుడైతే ముంబై వెళ్లి విమానం మారవలసిన మనవాళ్లు ఇప్పుడు ఇంటి దగ్గరే ఎక్కుతున్నారు. అలాగని నలుమూలల నుంచి వచ్చి విమానం మారే పెద్ద కూడలి విమానాశ్రయాల పని అయిపోయిందనుకోవడం పొరపాటు. ఫ్రాంక్‌ఫర్ట్, లండన్ కూడా కూడళ్లే, అక్కడి నుంచి అమెరికాకు విమానం మారేవారు ఎందరో. కూడలి నుంచి కూడలికి జనాన్ని గుంపుగా తరలించాల్సిన అవసరమే, ఎయిర్‌బస్ ఊహించినంతగా పెరగలేదు.

నన్ను నిజంగా కలవరపెట్టేది వేరే విషయం. లాక్‌హీడ్ ప్రయాణికుల జెట్ల రంగాన్ని వదిలేసింది, మెక్‌డానెల్ డగ్లస్ 1997లో బోయింగ్‌లో కలిసిపోయింది, దాంతో ఇంత పెద్ద విమానాలు కొనాలంటే ప్రధానంగా రెండే సంస్థలు మిగిలాయి. బోయింగ్ కొత్త పెద్ద విమానం 777ఎక్స్ ఏళ్ల తరబడి వాయిదా పడుతుంటే సంస్థలు ఇంకెవరి దగ్గరికి వెళ్లగలవు? కోవిడ్ కాలంలో పక్కన పెట్టిన ఎ380లను లుఫ్తాన్సా వంటి సంస్థలు మళ్లీ బయటకు తీయడానికి ఈ ఆలస్యం కూడా ఒక కారణం.

ప్రశ్న అడిగినవారు:
ముగ్గురికీ కృతజ్ఞతలు. మరి వాడినవాటిని తక్కువ ధరకు కొనుక్కునే సంస్థలైనా ముందుకు రాలేదా?

రెండో జవాబు రాసినవారు:
దాదాపు రాలేదండి. పోర్చుగల్‌కు చెందిన హై ఫ్లై ఒకటి తీసుకుని 2020 వరకు నడిపింది. సింగపూర్ ఎయిర్‌లైన్స్ అద్దెకు తీసుకుని తిరిగిచ్చిన తొలి విమానాల్లో రెండింటిని, సుమారు పదేళ్ల వయసులోనే, ఫ్రాన్స్‌లోని టార్బ్‌లో విడదీసి విడిభాగాలుగా అమ్మారు.