పైన చెట్లు పెరిగితే గని మూసినట్టేనా? నీళ్ళు ఎన్నాళ్ళు కొలవాలి?

గాజువాక అల్లుడు:
మా మామగారి ఊరి పక్కన ఓపెన్‌కాస్ట్ (పైనుంచి గోతిలా తవ్వే) బొగ్గు గని ఉండేది. తవ్వకం అయిపోయింది, గోతిని మట్టితో పూడ్చి మొక్కలు నాటారు. సంక్రాంతికి వెళ్తే గుట్ట మీద మేకలు మేస్తున్నాయి, చూడ్డానికి బావుంది. కానీ ఇంట్లో బోరు నీళ్ళతో పప్పు ఉడకడం లేదు. బిందె లోపల తెల్లగా పెచ్చు కడుతోంది. నాలుగేళ్ళ కిందట ఇలా లేదంటారు అత్తయ్యగారు. గని కంపెనీవాళ్ళని వెళ్ళి అడిగితే ‘మూసాక మూడేళ్ళు నీళ్ళ పరీక్షలు చేశాం, అన్నీ పరిమితిలోనే ఉన్నాయి, మా పని అయిపోయింది’ అన్నారట. ఇలా మూడేళ్ళకే వదిలేయొచ్చా?

సింధియా శివ:
బ్రో, ఏమనుకోకు. మన గోదావరి లోయ బొగ్గులో గంధకం తక్కువ. మేఘాలయలోలా నీళ్ళు పుల్లబడి వాగులు పాడయ్యే పరిస్థితి ఇక్కడ లేదు. బోరు నీళ్ళు గట్టిపడటానికి వంద కారణాలుంటాయి. వైజాగ్‌లో ఏ అపార్ట్‌మెంట్‌లోనైనా గీజర్ కాయిల్ తీసి చూడు, పక్కన గని ఉందా? ఎప్పటికీ కొలుస్తూ కూర్చోమంటే ఆ ఖర్చు చివరికి మన కరెంటు బిల్లులోనే తేలుతుంది.

ఏయూ జియాలజీ పాతకాపు:
గంధకం తక్కువన్నది నిజమే శివా. అయితే పులుపు లేదంటే ఉప్పు (లవణాలు) కూడా లేదని కాదు. పగలగొట్టిన రాయికి గాలీ నీరూ తగిలితే అందులో కొద్దిగా ఉన్న పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) కూడా ఆమ్లాన్ని పుట్టిస్తుంది. రాతిలో కార్బొనేట్ (సున్నపురాయిలాంటిది) ఉంటే ఆ ఆమ్లం అక్కడికక్కడే విరిగిపోతుంది. పీహెచ్ (పులుపు కొలత) చూస్తే 7, అంతా శుభం. కానీ కాల్షియం, మెగ్నీషియం, సల్ఫేట్ మాత్రం నీళ్ళలోనే మిగిలిపోతాయి. పప్పు ఉడకనివ్వని నీళ్ళంటే అవే. ఎంత మరిగించినా ఈ రకం గట్టిదనం పోదు.

అసలు తిరకాసు కాలం దగ్గర ఉంది. తవ్వినన్నాళ్ళూ పంపులతో తోడేస్తారు, చుట్టుపక్కల నీటిమట్టం దిగిపోతుంది. పంపులు ఆపాక మళ్ళీ ఎక్కుతుంది. మొదట్లో గబగబా, తర్వాత నత్తనడక. కొన్నిచోట్ల దశాబ్దాలు పడుతుంది. పూడ్చిన మట్టి తడిసి, ఉప్పు కరిగి, పల్లం వైపు కదిలేది ఆ తర్వాతే. మూడేళ్ళకే సీసా పట్టుకెళ్తే ఆ నీళ్ళు ఇంకా బోరు దాకా వచ్చి ఉండవు. పరీక్ష చేసినవాడు అబద్ధమాడలేదు, తొందరపడ్డాడు.

సింధియా శివ:
మాస్టారూ, అమెరికాలోనూ గడువే పెట్టారు కదా? అక్కడి 1977 గనుల చట్టంలో ఏడాదికి 26 అంగుళాలు దాటి వాన పడేచోట కంపెనీ బాధ్యత 5 ఏళ్ళు, అంతకు తక్కువైతే 10. మనకి వానకేం కొదవ? ఐదేళ్ళు చాలు.

ఏయూ జియాలజీ పాతకాపు:
ఆ ఐదూ పదీ మొక్కలు నిలదొక్కుకున్నాయా అని చూసే గడువయ్యా. అది తీరినంత మాత్రాన కంపెనీ ముందే కట్టిన జామీను సొమ్ము చేతికి రాదు, మిగతా షరతులు కూడా తీరాలి. మన దగ్గర 2013 మార్గదర్శకాల్లో మూసివేత ఖర్చు కోసం కంపెనీ ఎస్క్రో ఖాతాలో (షరతులు తీరితేనే తీయగల ఖాతా) డబ్బు వేయాలని పెట్టారు. చేసిన పనిని బట్టి ఐదేళ్ళకోసారి 80 శాతం దాకా వెనక్కి తీసుకోవచ్చని అప్పట్లో ఉండేది. అలా అయితే నీటిమట్టం ఎక్కే వేళకి ఖాతాలో ఏముంటుంది?

ఎన్‌ఏడీ లలిత:
నేను ల్యాబ్‌లో పనిచేస్తాను. ‘పరిమితిలోనే’ అన్నారు సరే, ఏ పరిమితి? బొగ్గు గని నుంచి వదిలే నీళ్ళకి 2000లో పెట్టిన కేంద్ర ప్రమాణాల్లో పీహెచ్ 5.5 నుంచి 9, లీటరుకి మడ్డి 100 మిల్లీగ్రాములు, నూనె 10, నైట్రేట్ నత్రజని 10, ఇలా ఉంటాయి. నైట్రేట్ ఎందుకంటే, పేలుళ్ళకి వాడేది అమ్మోనియం నైట్రేట్ కాబట్టి. సల్ఫేట్ ఆ పట్టికలో లేదు. అదే తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో సల్ఫేట్ 200, వేరే నీళ్ళు దొరక్కపోతే 400. ఒకే నీళ్ళు మొదటి పట్టికలో పాసై రెండోదాంట్లో ఫెయిలవ్వచ్చు. అల్లుడుగారూ, ముందు ఆ రిపోర్టు తెప్పించండి.

సింధియా శివ:
ఇది నాకు తెలీదు. సరే, మూడేళ్ళు తక్కువే అనుకుందాం. మరి ఆపేది ఎప్పుడు? ఎక్కడో ఒకచోట ఆపాలిగా!

ఏయూ జియాలజీ పాతకాపు:
క్యాలెండర్ చూసి కాదు, మట్టం చూసి ఆపాలి. ఎగువన ఒక పీజోమీటర్ (నీటిమట్టం కొలిచే సన్న బోరు), పూడ్చిన మట్టిలో ఒకటి, దిగువన ఒకటి. గని నడిచేటప్పుడు కొలిచినట్టే మే, ఆగస్టు, నవంబరు, జనవరి. మట్టం ఎక్కడం మానేసి, ఆ తర్వాత నాలుగైదు వానాకాలాలు సల్ఫేట్ పెరగకపోతే అప్పుడు ఆపండి, నాకేం అభ్యంతరం లేదు. ఖర్చంటావా, మూడు బోర్లకి ఏడాదికి నాలుగు విడతలు. ఒక్క డంపర్ టైరు ఖరీదుతో పోల్చి చూడు.

గాజువాక అల్లుడు:
ఊళ్ళో పీజోమీటర్ ఒకటి ఉంది మాస్టారూ. మూత ఊడిపోయింది, పిల్లలు రాళ్ళేసి చప్పుడు వింటున్నారు.

ఎన్‌ఏడీ లలిత:
ఈసారి వెళ్ళినప్పుడు బోరు పది నిమిషాలు వదిలేసి, అప్పుడు శుభ్రమైన సీసాలో పట్టండి. గనికి ఎగువన ఉన్న బోరుది కూడా ఒక సీసా తేవాలి. అది లేకపోతే దేంతో పోల్చను?

సింధియా శివ:
ఎగువ బోరులోనూ అంతే ఉంటే మాత్రం తప్పు గనిది కాదని ఇక్కడే ఒప్పుకోవాలి బ్రో.