మోనోటోన్ అంటే బోరు కొట్టే గొంతా? తెలుగులో ఏమనాలి?

అమీర్‌పేటలో వాయిస్ ఓవర్ నేర్చుకుంటున్నాను. రికార్డింగ్ విని సార్ "మోనోటోన్‌గా ఉంది" అన్నారు, అంతకుమించి ఏం చెప్పలేదు. మెల్లగా చదివా, గట్టిగా చదివా, మళ్లీ అదే మాట. అసలేంటిది? నెట్‌లో "విసుగు పుట్టించే" అని చూసి టెన్షన్ పట్టుకుంది.

జవాబు
టెన్షన్ ఎందుకండీ. స్పీడుకీ వాల్యూమ్‌కీ దీంతో సంబంధం లేదు, అందుకే మీరు ఏం మార్చినా సార్‌కి తేడా తెలియలేదు. గొంతు స్థాయి పైకీ కిందికీ కదలకుండా ఒకేచోట నిలిచిపోతే అది మోనోటోన్. గ్రీకులో మోనోస్ అంటే ఒక్కటి, టోనోస్ అంటే బిగువు, తీగ బిగింపును బట్టే కదా స్వరం. విసుగు అన్న అర్థం మోనోటోనస్ అనే మాటది. తెలుగులో "ఏకశ్రుతి" అనొచ్చు. పాణిని సూత్రమే ఉంది, "ఏకశ్రుతి దూరాత్ సంబుద్ధౌ" అని: దూరంగా ఉన్నవాళ్లని పిలిచేటప్పుడు ఉదాత్త (ఎత్తు), అనుదాత్త (పల్లం), స్వరితాల (రెండూ కలిసినది) తేడా లేకుండా పలకడం. చెవితో తెలుసుకోవాలంటే వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కాసేపు ఆగండి (కంచె బయటే!). మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ గుయ్‌మనే మోత ముఖ్యంగా దానికి రెట్టింపు, 100 దగ్గర ఉంటుంది, ఎంతసేపు విన్నా మారదు.

ఇంకో మాట
అదేమీ దోషం కాదు. తంబూరా పని అదే, శ్రుతి కదిలితే పాట గోవిందా. అన్నట్టు లెక్కల్లో మోనోటోనిక్ ఫంక్షన్ వేరే సంగతి, అది పెరుగుతూనే పోవచ్చు, తగ్గకపోతే చాలు (లేదా తగ్గుతూనే పోవచ్చు, పెరగకూడదు). రెండూ కలపకండి.

అడిగినవారు
థాంక్సండీ. మరి నాది నిజంగా అలా ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

జవాబు
ప్రాట్ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీ వాళ్లది. మీ రికార్డింగ్ అందులో తెరిస్తే పిచ్ (గొంతు స్థాయి) గీత కనిపిస్తుంది. వాక్యం మొత్తం బల్లపరుపుగా పోతోందంటే సార్ అన్నది కరెక్టే. అప్పుడు ప్రతి మాటా ఎత్తేయకండి, రాగం తీసినట్టుంటుంది. "రేపు చార్మినార్ దగ్గర బస్సు ఆగదు" తీసుకోండి. "రేపు" ఎత్తితే ఇవాళ ఆగుతుందని, "చార్మినార్" ఎత్తితే వేరేచోట ఆగుతుందని, "బస్సు" ఎత్తితే ఆటో దొరకొచ్చని వినేవాళ్లకి తోస్తుంది. స్క్రిప్టులో వాక్యానికొక మాట కింద గీత పెట్టుకుని, అక్కడ మాత్రమే గొంతు లేపి చదివి, ఆ ఫైలు సార్‌కి పంపండి.