కర్క్యుమిన్ క్యాప్సూళ్లు, టమాక్సిఫెన్ కలిపి వాడవచ్చా?

ప్రశ్న, గుంటూరు నుంచి:
నమస్కారం. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తరువాత మా అమ్మకు డాక్టరుగారు ఈస్ట్రోజన్ హార్మోన్‌ను అడ్డుకునే టమాక్సిఫెన్ మాత్ర రాశారు. పసుపులోని కర్క్యుమిన్ క్యాన్సర్ కణాలను చంపుతుందని పరిశోధనల్లో తేలిందంటూ మా మావయ్య మిరియాల సారం కలిపిన క్యాప్సూళ్లు తెచ్చారు. ఆ పరిశోధనలు నిజమేనా? ఇవి మాత్రతో పాటు వేసుకోవచ్చా? పెరట్లోని బిళ్ళగన్నేరు ఆకురసం కూడా మంచిదని ఆయన అంటున్నారు.

జవాబు, కణాల ల్యాబ్‌లో పనిచేసే వ్యక్తి:
పరిశోధనలు నిజమేనండీ, కాకపోతే వాటిలో చాలావరకు ఎంసీఎఫ్-7, ఎండీఏ-ఎంబీ-231 వంటి, ప్లాస్టిక్ పాత్రల్లో పెంచే రొమ్ము క్యాన్సర్ కణాల మీద జరిగినవి. మొదటి రకానికి ఈస్ట్రోజన్ గ్రాహకాలుంటాయి (అంటే ఆ హార్మోన్‌ను పట్టుకునే ప్రొటీన్లు), రెండోది ట్రిపుల్ నెగటివ్, అంటే వాటితో సహా మూడు ముఖ్య గ్రాహకాలూ లేని రకం. ఒకదాని మీద వచ్చిన ఫలితం రెండోదానికి వర్తిస్తుందన్న హామీ లేదు. పాత్రలోని కణాలను చంపడానికి సాధారణంగా పదుల మైక్రోమోలార్ల (ద్రవంలో పదార్థం గాఢతకు కొలత) కర్క్యుమిన్ కావాలి. రోజుకు 8 గ్రాములు మింగినవారి రక్తంలో కూడా అది సగటున 2 మైక్రోమోలార్లకు చేరలేదని 2001లో తైవాన్ పరిశోధకులు ప్రకటించారు, ఎందుకంటే పేగులూ కాలేయమూ దాన్ని వెంటవెంటనే వేరే రూపాల్లోకి మార్చి బయటికి పంపేస్తాయి.

కొలతలోనూ ఒక చిక్కుంది. ఎన్ని కణాలు బతికున్నాయో చూసే ఎంటీటీ పరీక్షలో బతికున్న కణాలు పసుపుపచ్చని రసాయనాన్ని ఊదారంగుకు మారుస్తాయి. మొక్కల సారాల్లోని కొన్ని యాంటీఆక్సిడెంట్లు కణాలు లేకుండానే ఆ రంగు తెప్పిస్తాయి. కణాలు వేయని గుంటల్లో సారాన్ని విడిగా పరీక్షించని పేపరును నేనైతే నమ్మను.

జవాబు, క్యాన్సర్ వార్డు ఫార్మసిస్టు:
అమ్మా, మీ ఇంట్లో ముందు తేలవలసింది రెండో ప్రశ్న. టమాక్సిఫెన్ కాలేయంలో ఎండాక్సిఫెన్‌గా మారాకే బలంగా పనిచేస్తుంది. కర్క్యుమిన్ కలిపి వాడినప్పుడు రక్తంలో ఎండాక్సిఫెన్ తగ్గిందని, మిరియాల్లోని పైపరిన్ తోడైతే మరికాస్త తగ్గిందని 2019లో నెదర్లాండ్స్ అధ్యయనం చూపింది. తగ్గుదల మరీ పెద్దది కాకపోయినా, ఏళ్ల తరబడి వాడే మందు విషయంలో దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. క్యాప్సూళ్లు పక్కన పెట్టి, డబ్బాను ఆంకాలజిస్టుకు చూపించండి. కూరలో వేసే పసుపు మానవలసిన పనిలేదు.

బిళ్ళగన్నేరు జోలికి మాత్రం అసలు పోవద్దు. దాని ఆల్కలాయిడ్ల (మొక్కల్లో ఉండే, ఒంటిపై బలంగా పనిచేసే రసాయనాలు) నుంచి తయారైన వినోరెల్బిన్ అనే మందును ముదిరిన రొమ్ము క్యాన్సర్‌లో వాడుతున్న మాట నిజమే, కానీ అది ఒంటి పరిమాణాన్ని బట్టి మోతాదు లెక్కకట్టి, తెల్ల రక్తకణాల సంఖ్య చూసుకుంటూ ఇచ్చే మందు. ఆకురసంలో ఏ ఆల్కలాయిడ్ ఎంతుందో ఎవరికీ తెలియదు.

జవాబు, మొదటి వ్యక్తి మళ్లీ:
మొక్కల మందులంటే మాకు చిన్నచూపేమీ లేదు. పాక్లిటాక్సెల్ అనే క్యాన్సర్ మందు పసిఫిక్ యూ చెట్టు బెరడు నుంచే వచ్చింది. ఆ బెరడును 1962లో సేకరించగా, దానిలోని అణువు నిర్మాణాన్ని 1971లో రసాయన శాస్త్రవేత్తలు వాల్, వానీ ప్రకటించారు. కణ విభజనకు అవసరమైన సూక్ష్మనాళికలను అది విడిపోనివ్వకుండా బిగించేస్తుందని 1979లో శాస్త్రవేత్త సుసాన్ హోర్విట్జ్ చూపారు. రొమ్ము క్యాన్సర్‌కు అమెరికాలో అనుమతి 1994లో దొరికింది. నీటిలో కరగదు కనుక దాన్ని ఆముదం నుంచి తయారుచేసిన ద్రావకంలో కలిపారు, ఆ ద్రావకమే కొందరికి తీవ్రమైన అలర్జీ తెప్పించడంతో ఈనాటికీ ఆ ఇంజెక్షనుకు ముందు స్టెరాయిడ్ ఇస్తున్నారు.