రాత్రి రీల్స్ ఆపడం ఎలా? టైమర్ పెట్టినా లాభం లేదు

చింతచిగురు (ప్రశ్న):
ఆండ్రాయిడ్ 14 ఫోన్. సెట్టింగ్స్‌లో ఫోన్ వాడకం లెక్క చూపే డిజిటల్ వెల్‌బీయింగ్‌లో రోజుకి సగటున 5 గంటల 40 నిమిషాలు, 96 అన్‌లాక్‌లు చూపిస్తోంది. సగానికి పైగా రాత్రి 11 తర్వాతే. ఇన్‌స్టాగ్రామ్‌కి 45 నిమిషాలు, యూట్యూబ్‌కి గంట టైమర్ ఉంది. అయిపోగానే సెట్టింగ్స్‌లోకి వెళ్లి తీసేయడమే, పది సెకన్ల పని. ఆఫీసు వాట్సాప్ గ్రూపులు, ఓటీపీలు, ఊళ్లో పెద్దవాళ్ల కాల్స్, పొద్దున అలారం అన్నీ ఇందులోనే, కాబట్టి ఫోన్ ఆపేసే వీలు లేదు. ఏం చేయొచ్చు?

పాతరేడియో:
యాప్ టైమర్ రాత్రి వాడకానికి పనికిరాదండీ. అది అర్ధరాత్రి 12కి సున్నా నుంచి మళ్లీ మొదలవుతుంది. రోజువారీ డేటా ప్యాక్ అయితే సరిగ్గా అప్పుడే కొత్త కోటా కూడా వస్తుంది. 11:50కి బ్లాక్ అయిన యాప్ 12:01కి తాజా గంటతో, తాజా డేటాతో సిద్ధంగా ఉంటుంది. మేలుకొని ఉన్నవాడికి పండగే.

దాని బదులు డిజిటల్ వెల్‌బీయింగ్‌లోనే ఉన్న ఫోకస్ మోడ్ తీసుకోండి, మీరు ఎంచుకున్న యాప్‌లని చెప్పిన వేళల్లో మూసేస్తుంది. ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, వీడియోలు చూసే బ్రౌజర్, మూడూ టిక్ పెట్టి, షెడ్యూల్‌లో రాత్రి 10:30 నుంచి ఉదయం 6 వరకు, ఏడు రోజులూ ఎంచుకోండి. చాలామంది బ్రౌజర్‌ని వదిలేస్తారు, రెండో రోజే రీల్స్ అందులో తెరుచుకుంటాయి. ఇందులోనూ ‘టేక్ ఎ బ్రేక్’ అని 5, 15, 30 నిమిషాల సందు ఉంది. కానీ ఆ 5 నిమిషాలు అవగానే తిరిగి మూసుకుంటుంది. టైమర్‌లా ఒకసారి తీసేస్తే తీసేసినట్టే ఉండదు. బెడ్‌టైమ్ మోడ్ ఒక్కటే పెట్టి ఊరుకోకండి, అది తెరని నలుపు తెలుపు చేసి శబ్దం ఆపుతుంది తప్ప యాప్‌లని మూయదు.

యూట్యూబ్‌కి ఇంకో మందు: వాచ్ హిస్టరీ (చూసిన వీడియోల జాబితా) ఆపేయండి. ఆపడమొక్కటే చేసి, పాత హిస్టరీ ఉంచేస్తే హోమ్ పేజీ మామూలుగానే నిండుతుంది. పాతదంతా చెరిపేస్తేనే ఖాళీ అవుతుంది, వెతుక్కున్నదే కనిపిస్తుంది. సబ్‌స్క్రిప్షన్స్ ఎక్కడికీ పోవు. ఇది అకౌంట్‌కి పడే సెట్టింగ్, హాల్లో టీవీలో అదే అకౌంట్ ఉంటే అక్కడా హోమ్ ఖాళీ. ఇంట్లోవాళ్లకి ముందే చెప్పండి.

గోలీసోడా:
గంటల కంటే ఆ 96 అన్‌లాక్‌లు చూడండి. మెలకువగా ఉండేది 16 గంటలనుకుంటే పది నిమిషాలకోసారి ఫోన్ తీస్తున్నట్టు. డిజిటల్ వెల్‌బీయింగ్ డ్యాష్‌బోర్డులో పైన స్క్రీన్ టైమ్ అన్న చోట నొక్కి ‘నోటిఫికేషన్స్’కి మార్చండి, ఏ యాప్ ఎన్నిసార్లు పిలుస్తోందో వరసగా వస్తుంది. తిండి ఆర్డర్ చేసే యాప్, షాపింగ్ యాప్ పైనుంటే ఆశ్చర్యం లేదు. వాటి నోటిఫికేషన్ వచ్చినప్పుడు తుడిచేయకుండా దాని మీద వేలు నొక్కి పట్టండి. ఆఫర్లు ఒక రకం, ఆర్డర్ వివరాలు ఇంకో రకంగా విడగొట్టిన యాప్ అయితే ఆఫర్లవి మాత్రం ఆపొచ్చు. కొన్ని యాప్‌లు రెండూ కలిపేసి ఉంచుతాయి, వాటిని మొత్తం ఆపడమే.

వాట్సాప్ గ్రూపుల్ని ‘ఆల్వేస్’ మ్యూట్ చేయండి. మీ పేరు ట్యాగ్ చేసినా, మీ మెసేజ్‌కి జవాబిచ్చినా తెలుస్తుంది, కాబట్టి ఆఫీసు పని ఆగదు. అపార్ట్‌మెంట్ గ్రూపు, గుడ్ మార్నింగ్ గ్రూపులు ఆర్కైవ్‌లోకి.

చింతచిగురు:
ఫోకస్ మోడ్ పెట్టా. కానీ ఫోన్ మంచం పక్కనే ఉంటే ఆ ‘బ్రేక్’ ఎన్నిసార్లయినా నొక్కుతాం కదా?

ఇత్తడిబిందె:
నొక్కుతారు. అందుకే ఛార్జర్ హాల్లోకి పోవాలి. పడకగదిలో ఉన్న ఛార్జర్ తీసి హాల్లో పెట్టడం ఒక్కటే కాదు, పడకగదిలో అసలు ఒక్క కేబుల్ కూడా లేకుండా చేయడం. పవర్ బ్యాంక్ కూడా బయటే.

అలారానికి పెన్సిల్ బ్యాటరీతో నడిచే టేబుల్ గడియారం చాలు. కొనేటప్పుడు చెవి దగ్గర పెట్టుకుని వినండి, సెకన్ల ముల్లు టిక్ టిక్ అనకుండా జారిపోయే రకం తీసుకోండి. లేకపోతే మూడో రాత్రికి గడియారం అల్మారాలోకి, ఫోన్ దిండు కిందికి.

పెద్దవాళ్ల కాల్స్ గురించి భయం వద్దు. కాల్స్, నోటిఫికేషన్ల శబ్దం ఆపే డూ నాట్ డిస్టర్బ్ సెట్టింగ్‌లో కాల్స్ అన్న చోట ‘స్టార్డ్ కాంటాక్ట్స్’ ఎంచుకుని, కాంటాక్ట్స్‌లో వాళ్ల పేర్లకి నక్షత్రం పెట్టండి. ‘రిపీట్ కాలర్స్’ కూడా ఆన్ చేస్తే 15 నిమిషాల్లో అదే నంబరు నుంచి రెండోసారి చేసిన కాల్ మోగుతుంది. రింగ్ వాల్యూమ్ నిండుగా ఉంచి, గది తలుపు ఓరగా తీసి ఉంచితే హాల్లోంచి వినపడుతుంది. బెడ్‌టైమ్ మోడ్ కూడా వాడుతుంటే, ఇవే కాల్స్‌కి అందులోనూ అనుమతి ఉందో లేదో ఒకసారి చూసుకోండి. వేరే నంబరుతో చేసి చూస్తే తేలిపోతుంది.

పాతరేడియో:
ఐఫోన్ వాళ్లు ఎవరైనా చదువుతుంటే: సెట్టింగ్స్‌లోని స్క్రీన్ టైమ్‌లో యాప్ లిమిట్ పెట్టేటప్పుడు ‘బ్లాక్ ఎట్ ఎండ్ ఆఫ్ లిమిట్’ ఆన్ చేసి, పాస్‌కోడ్ ఇంట్లో వేరేవాళ్ల చేత పెట్టించండి. అది లేకపోతే ‘ఇగ్నోర్ లిమిట్’ బటన్ ఎదురుగానే ఉంటుంది. పెట్టినవాళ్లు ఆ నాలుగంకెలు కాగితం మీద రాసి దాచాలి. ఆపిల్ అకౌంట్‌తో రికవరీ పెట్టకుండా కోడ్ మర్చిపోతే ఫోన్ మొత్తం చెరిపేయాల్సి వస్తుంది.