మోకీలు మార్పిడి తరువాత ఒక్క పిక్కే వాచింది: మామూలు వాపా, రక్తపు గడ్డా?

ప్రశ్న:
మా అమ్మ వయసు 64. ఎడమ మోకాలికి కీలు మార్పిడి ఆపరేషన్ జరిగి మూడు వారాలు కావస్తోంది. కుట్లు బాగానే మానాయి, వాపు కూడా చాలావరకు తీసింది. అయితే నిన్నటి నుంచి అదే కాలి పిక్క బిగుసుకుని, కుడి పిక్క కంటే లావుగా, తాకితే వెచ్చగా ఉంటోంది. వేలితో నొక్కితే గుంట పడుతోంది. ఆపరేషన్ చేసిన కాలు వాయడం మామూలేనని మా మేనత్త అంటున్నారు. బోదకాలేమోనని పక్కింటివారి అనుమానం. ఆముదం కాచి మర్దన చేయమన్నవారూ ఉన్నారు. ఎంతవరకు వేచి చూడవచ్చో దయచేసి తెలియజేయండి.

సమాధానం 1:
మర్దన మాత్రం చేయవద్దండి. పిక్క లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉంటే, ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది. మీ మేనత్తగారు చెప్పినది అబద్ధం కాదు, కాని ఆపరేషన్ వల్ల వచ్చిన వాపు రోజురోజుకూ తగ్గుతూ రావాలి. తగ్గినది మళ్లీ పెరిగిందంటే వేరే కారణం వెతకవలసిందే. బోదకాలు ఇలా రాత్రికి రాత్రే రాదు. రెండు కాళ్లూ సమానంగా వాస్తే గుండె, మూత్రపిండాలు, కాలేయం సంగతి చూస్తారు, కాళ్లవాపు తెచ్చే ఆమ్లోడిపిన్ అనే బీపీ మందు వాడుతున్నారా అని అడుగుతారు. ఒక్క కాలే వాచినప్పుడు ముందుగా ఆ కాలిలోనే కారణం వెతుకుతారు. మోకాటి చిప్ప దిగువన తగిలే ఎముక బుడిపె నుంచి 10 సెంటీమీటర్లు కిందికి వచ్చి, అక్కడ రెండు పిక్కల చుట్టుకొలతా టేపుతో తీసుకోండి. తేడా 3 సెంటీమీటర్లు దాటితే అనుమానం బలపడుతుంది, దాటకపోయినా గడ్డ లేదని చెప్పలేం. ఈ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

సమాధానం 2:
పై సమాధానంతో ఏకీభవిస్తున్నాను. పాదాన్ని పైకి వంచి పిక్కలో నొప్పి వస్తుందా అని చూసే పాత పద్ధతిని నమ్ముకోకూడదు. డి-డైమర్ అనే రక్తపరీక్ష కూడా మీ అమ్మగారి విషయంలో పెద్దగా తేల్చదు, ఎందుకంటే ఆపరేషన్ అయిన కొన్ని వారాల వరకు అది గడ్డ లేకపోయినా ఎక్కువగానే కనిపించవచ్చు. కాలి సిరలకు డాప్లర్ స్కాన్ (రక్తప్రవాహాన్ని చూపే అల్ట్రాసౌండ్) చేయిస్తే విషయం తేలుతుంది. డిశ్చార్జి కాగితాలు వెంట తీసుకువెళ్లి, గడ్డకట్టకుండా ఇచ్చిన మందు ఎప్పటితో ఆగిందో చెప్పండి. దారిలో ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పొడిచినట్లు నొప్పి వచ్చినా, దగ్గులో రక్తం పడినా, స్పృహ తప్పినా అది గడ్డ ఊపిరితిత్తులకు చేరిందనడానికి గుర్తు కావచ్చు. స్కాన్ కోసం ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఇంట్లో ఉండగా అలా జరిగితే 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న అడిగినవారు:
సాయంత్రమే డాప్లర్ తీశారు. మోకాలి వెనుక సిరలో గడ్డ ఉందన్నారు. రక్తం పలచబడే మందు మొదలుపెట్టి, కనీసం మూడు నెలలు వాడాలని చెప్పారు. ఆయాసమేమీ లేదు. మీ ఇద్దరికీ ఎంతో రుణపడి ఉంటాం.

సమాధానం 1:
సమయానికి వెళ్లారు, చాలా సంతోషం. ఆ మందు వాడుతున్నంతకాలం మోకాలి నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు సొంతంగా కొని వేయకండి, కడుపులో రక్తస్రావం కావచ్చు. మలం తారులా నల్లగా వచ్చినా, చిగుళ్ల నుంచి రక్తం ఆగకపోయినా, పడిపోయి తలకు దెబ్బ తగిలినా వెంటనే వైద్యులకు చూపించండి. వాపు తగ్గింది కదా అని మధ్యలో మందు ఆపవద్దు.