శ్రీలంకలో తప్పక చూడాల్సినవి ఏవి? డిసెంబర్‌లో వెళ్దామని

బరంపురం కోడలు:
డిసెంబర్ చివర్లో శ్రీలంక అనుకుంటున్నాం. మా ఆయన, ఇద్దరు పిల్లలు, అత్తగారు. ఆవిడకి మోకాళ్ల నొప్పి, పైగా గుడ్డు కూడా ముట్టరు. కోరమండల్‌లో చెన్నై, అక్కడి నుంచి ఫ్లైట్. సిగిరియా, క్యాండీ, ఎల్లా, ఏదో ఒక బీచ్, త్రిన్కోమలిలో శాంకరీ దేవి... వారంలో అన్నీ అవుతాయా? డబ్బు ఇక్కడే మార్చుకోవాలా, కొలంబోలోనా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

రాయగడ రైలుబండి:
ముందు క్యాండీ-ఎల్లా కొండ రైలు టికెట్ చూసుకోండి, మిగతావన్నీ తర్వాత. రిజర్వేషన్ నెల రోజుల ముందు తెరుస్తారు, ఇట్టే అయిపోతుంది. మాకొక ఏజెంటు మూడింతలు గుంజి, చివరికి రిజర్వేషన్ లేని సెకండ్ క్లాస్ టికెట్ చేతిలో పెట్టాడు. అది స్టేషన్‌లో అదే రోజు ఎవరైనా కొనుక్కోవచ్చు! క్యాండీ నుంచి మొత్తం కూర్చుంటే ఆరేడు గంటలు, పిల్లలు విసిగిపోతారు. మధ్యలో నానుఓయా స్టేషన్‌లో ఎక్కండి, సగం సమయం మిగులుతుంది, అసలు అందమంతా అక్కడి నుంచే. తొమ్మిది ఆర్చీల వంతెన మాత్రం ఎల్లా దాటాక దెమోదర వైపు ఉంటుంది. ఎల్లాలో దిగి నడిచి వెళ్లి చూడాలి. 1921 నాటిది, ఇనుము వాడకుండా రాయి, ఇటుక, సిమెంటుతో కట్టారు.

జయపురం కాఫీ:
అరకు లైన్ చూసినవాడికి అది పెద్ద వింతేం కాదు. యాభైకి పైగా సొరంగాలు, మధ్యలో ఎత్తైన శిమిలిగుడ స్టేషన్. ఊరికే ఫొటోలు చూసి పరిగెడతారు జనం.

రాయగడ రైలుబండి:
అన్నా, శిమిలిగుడ ఎత్తు వెయ్యి మీటర్లకు కాస్త తక్కువ. ఎల్లా లైన్‌లో పట్టిపొల స్టేషన్ 1,891 మీటర్లు. అదీ మనలాంటి బ్రాడ్ గేజే.

జయపురం కాఫీ:
మన లైన్ ఇనుప ఖనిజం మోస్తుంది తమ్ముడూ. వాళ్లది సెల్ఫీలు మోస్తుంది.

మజ్జిగౌరమ్మ బిడ్డ:
గుడ్డు ముట్టనివాళ్ల సంగతి ఎవరూ చెప్పలేదేం? అక్కడ కొబ్బరి పచ్చడి (పోల్ సంబోల్ అంటారు) చూస్తే మన పచ్చడే అనుకుంటాం. అందులో ఎండబెట్టిన మాల్దీవు చేప పొడి కలుపుతారు. కొన్నిచోట్ల పప్పులోనూ వేస్తారు. మేం దిగిన ఒక హోటల్లో 'వెజిటేరియన్' అని రాసిపెట్టిన పళ్లెంలోనే వడ్డించారు. అడిగితే 'చేపే కదా' అని నవ్వాడు! మా అమ్మ ఆ పూట నుంచి అరటిపళ్లు, పెరుగు మీదే ఉంది. క్యాండీ, కొలంబో, త్రిన్కోమలిలో తమిళుల శాకాహార హోటళ్లున్నాయి, అక్కడే తినండి. ఆప్పం అడిగేటప్పుడు గుడ్డు లేనిదని గట్టిగా చెప్పండి.

గుణుపురం మాస్టారు:
ముప్పై ఏళ్లు చరిత్ర పాఠం చెప్పినవాణ్ణి కనుక అధికారంతోనే రాస్తున్నా. రైళ్లూ పచ్చళ్లూ పక్కన పెట్టండి. మనవైపు వాళ్లు చూడాల్సింది క్యాండీ దళదా మాళిగావ గుడి. అందులో ఉన్న బుద్ధుడి దంతం మన కళింగం నుంచి వెళ్లింది. 4వ శతాబ్దిలో కళింగ రాజు గుహశివుడు శత్రువులకు భయపడి కూతురు హేమమాలకు అప్పగిస్తే, ఆమె జడలో దాచుకుని, భర్త దంతకుమారుడితో ఓడెక్కి లంక చేరిందని వాళ్ల కథ. వాళ్లు బయల్దేరిన దంతపురం ఎక్కడనుకున్నారు? మన ఆమదాలవలస దగ్గరి దంతవక్త్రుని కోట!

హిల్‌పట్నా హరి:
మాస్టారూ, దంతపురం అంటే పూరీ అని ఎప్పుడో రాశారు. సముద్రం ఒడ్డున ఉన్నది పూరీయా, ఆమదాలవలసా? ఓడ పొలాల్లోంచి బయల్దేరిందా?

గుణుపురం మాస్టారు:
బాబూ, వంశధార ఉంది, కళింగపట్నం రేవు ఉంది, కాస్త మ్యాపు చూడు. గంగ వంశపు రాజు ఇంద్రవర్మ జిర్జింగి రాగిరేకుల శాసనం దంతపురం నుంచే వెలువడింది. జిర్జింగి టెక్కలి పక్కన. అప్పటికి గంగుల రాజ్యం పూరీ దాకా పాకనే లేదు.

హిల్‌పట్నా హరి:
దంతం కథ 4వ శతాబ్దిది. గంగులు రాజ్యానికొచ్చింది ఆ తర్వాత ఎప్పుడో. వాళ్ల రాగిరేకు చూపించి ముందు కాలం సంగతి ఎలా తేలుస్తారు? మేం మీ క్లాసులో కూర్చోలేదు మాస్టారూ.

గుణుపురం మాస్టారు:
కూర్చోలేదని తెలుస్తూనే ఉంది.

పర్లాకిమిడి గుంటడు:
ఇద్దరూ ఆగండి. మాస్టారు అసలైనది వదిలేశారు. క్యాండీని చివరగా ఏలింది తెలుగు మూలాలున్న నాయకర్ రాజులే, మధుర నాయకుల చుట్టాలు. 1739 నుంచి 1815 దాకా. ఆఖరి రాజు శ్రీవిక్రమ రాజసింహుడే గుడి ముందున్న చెరువు తవ్వించాడు. ఇంగ్లీషువాళ్లు పట్టుకుని వేలూరులో ఉంచితే 1832లో అక్కడే పోయాడు. అక్కా, గుళ్లోకి భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలతో వెళ్లండి. దంతం కంటికి కనపడదు, పూజ వేళ తలుపు తీస్తే బంగారు పేటిక చూడొచ్చు. బుద్ధుడి విగ్రహానికి వీపు పెట్టి ఫొటో దిగితే ఊరుకోరు.

రాయగడ రైలుబండి:
క్యాండీలో పౌర్ణమి రోజు తగిలితే మందు దొరకదు. దేశమంతా సెలవు, బార్లకు తాళం. మా బాబాయికి ఆ టూర్‌లో గుర్తున్నది అదొక్కటే.

మజ్జిగౌరమ్మ బిడ్డ:
అత్తగారిని తీసుకెళ్తున్న ఆవిడకి ఇదా సలహా?

పర్లాకిమిడి గుంటడు:
మోకాళ్ల నొప్పికి సిగిరియా కొండకోట కుదరదు. సుమారు 1,200 మెట్లు, ఇనుప మెట్లు కొండను అంటుకుని ఉంటాయి. పైకి వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లిపోవాలి, తొమ్మిదయ్యాక ఎండా, క్యూ కలిసి చంపేస్తాయి. ఆ కోట కట్టిన రాజు కాశ్యపుడి కాలపు గోడ బొమ్మల దగ్గర ఫొటోలు తియ్యనివ్వరు. పాస్‌పోర్ట్ అసలుది దగ్గరుంచుకోండి, మనలాంటి సార్క్ (దక్షిణాసియా కూటమి) దేశాలవాళ్లకు టికెట్ ఇంచుమించు సగమే. దంబుల్లా గుహలకూ ఎక్కాలి, కాకపోతే అంత కాదు. అత్తగారికైతే పాత రాజధాని పొలొన్నరువ. అంతా చదును, బండి గుడుల దగ్గరి దాకా పోతుంది. గల్ విహారలో ఒకే బండలో చెక్కిన పడుకున్న బుద్ధుడు 14 మీటర్లు. అక్కడ ఏలిన నిశ్శంకమల్లుడు (1187-1196) తాను కళింగ సింహపురం వాణ్ణని రాయించుకున్నాడు.

హిల్‌పట్నా హరి:
ఇప్పుడు సింహపురం కూడా శ్రీకాకుళం పక్కనే అంటారా?

గుణుపురం మాస్టారు:
సింగుపురం. అనక ఇంకేమంటాం?

నిర్వాహకుడు:
దంతపురం, సింహపురం కోసం వేరే చర్చ పెట్టుకోండి. ఇక్కడ ఆ మాట మళ్లీ వస్తే తీసేస్తాను.

బరంపురం కోడలు:
అత్తగారికి ఇవన్నీ చదివి వినిపించాను. పొలొన్నరువ సరేనన్నారు కానీ 'లంకాయాం శాంకరీ దేవి' అని రోజూ చదువుకుంటూ మొదటి పీఠమే చూడకుండా వస్తానా అంటున్నారు. త్రిన్కోమలి డిసెంబర్‌లో ఎలా ఉంటుంది?

పర్లాకిమిడి గుంటడు:
వాన. ఈశాన్య రుతుపవనాలు సరిగ్గా ఆ తూర్పు తీరాన్నే కొడతాయి. డిసెంబర్‌లో ఎండ కావాలంటే దక్షిణ తీరంలోని గాలే, మిరిస్సా ఊళ్ల వైపు వెళ్లాలి. త్రిన్కోమలికి మే నుంచి సెప్టెంబర్ మంచిది. అక్కడి పాత కోణేశ్వరం శివుడి గుడిని 17వ శతాబ్దిలో పోర్చుగీసువాళ్లు పడగొట్టారు, ఇప్పుడున్నది తర్వాత కట్టింది. కోణేశ్వరం గుడి పక్కనే అమ్మవారు. దారిలో కోట లోపల జింకలు తిరుగుతుంటాయి, పిల్లలకు సరదా.

మజ్జిగౌరమ్మ బిడ్డ:
వానలోనూ దర్శనం అవుతుంది బాబూ. అమ్మవారికి గొడుగు పట్టుకుని వెళ్తే కాదందా?

పర్లాకిమిడి గుంటడు:
దర్శనం అవుతుందమ్మా. గుడి కొండ కొమ్మున, కింద సముద్రం. తడి మెట్ల మీద ఆ మోకాళ్లతో ఆవిణ్ణి దింపేది ఎవరో ముందు చూసుకోమనండి.

బరంపురం కోడలు:
పిల్లల పరీక్షలయ్యాక ఏప్రిల్‌కు మారిస్తే?

రాయగడ రైలుబండి:
ఏప్రిల్ 13, 14 వాళ్ల ఉగాది. సింహళులూ తమిళులూ ఒకేసారి చేసుకుంటారు, సగం షాపులు మూసేస్తారు, రైళ్లు కిక్కిరిసిపోతాయి. ఆ వారం వదిలేసి నెలాఖరుకు పెట్టుకోండి. మిరిస్సాలో తిమింగలాలకు అదే ఆఖరు, కొండల్లో మధ్యాహ్నం ఓ జల్లు పడుతుంది. ఎల్లా రైలు పొద్దుటిదే పట్టుకోండి.