థియేటర్ గుమ్మం దాకా వచ్చిన పేషెంట్‌ని నర్సు ఆపొచ్చా?

ఎస్.కోట అబ్బాయి:
మా పిన్నికి 41 ఏళ్ళు. ఏడాదిగా నెలసరిలో రక్తం విపరీతంగా పోతోంది. స్కాన్ తీస్తే గర్భసంచిలో గడ్డలున్నాయన్నారు. వైజాగ్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం (పేరు అడగొద్దు, చెప్పను). ఆపరేషన్ రోజు పొద్దున థియేటర్ బయట స్ట్రెచర్ మీద ఉంది, నేను పక్కనే ఉన్నా. సిస్టర్ వచ్చి పేరు, ఊరు అడిగి, "మీకేం ఆపరేషన్ చేస్తున్నారో మీరే చెప్పండమ్మా" అంది. పిన్ని "గడ్డ తీసేత్తారంట గదమ్మా" అంది. ఫారంలో ఇంగ్లీషులో ఉన్నది గర్భసంచి, రెండు అండాశయాలు తీసెయ్యడం. కింద సంతకం బాబాయిది.

సిస్టర్ స్ట్రెచర్ కదలనివ్వలేదు. సర్జన్‌కి ఫోన్ చేసింది. ఆయన ముందు కేకలేశారు. తర్వాత వచ్చి, కాగితం మీద బొమ్మ గీసి పిన్నికి చెప్పారు. గర్భసంచికి ఒప్పుకుంది, అండాశయాలకి ఒప్పుకోలేదు. ఆవిడ అన్నట్టే చేశారు. గంటన్నర లేటు.

ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. "నర్సుకెందుకు ఇయ్యన్నీ" అని బాబాయి. నేనేమో ఆవిణ్ణి మెచ్చుకుంటూ మేనేజ్‌మెంట్‌కి ఉత్తరం రాద్దామనుకున్నా. ఇంతలో ఆవిణ్ణి థియేటర్ నుంచి వార్డుకి మార్చారని తెలిసింది. రాయాలా, మానాలా?

గాజువాక రావు:
మీ బాబాయి మాటే నాదీ. అసలే భయంతో వణుకుతున్న మనిషి. చివరి నిమిషంలో ఇలాంటి ప్రశ్నలేస్తే బీపీ పెరగదా? డాక్టర్‌ని నమ్మే కదా అక్కడిదాకా వెళ్ళారు. రేపు కాంపౌండర్ కూడా ఆపుతాడు.

కత్తి డాక్టర్:
నేనూ సర్జన్నే, వేరే స్పెషాలిటీ. రావుగారితో ఏకీభవించను గానీ నాకో అభ్యంతరం ఉంది. అనుమానం వస్తే సిస్టర్ నన్ను పక్కకి పిలిచి చెప్పాలి. పేషెంట్ ముందు, బంధువుల ముందు ఫారం తిరగేస్తే ఆ సర్జన్ మీద నమ్మకం అక్కడే పోతుంది. ఆపరేషన్ తర్వాత వారం రోజులు ఆ పేషెంట్ ఆయన చేతిలోనే ఉండాలి మరి. ఇంకో సంగతి ఎవరూ అనరు. గంటన్నర లేటంటే, లిస్టులో తర్వాతి పేషెంట్ గంటన్నర ఎక్కువ కడుపు మాడ్చుకున్నట్టు. షుగర్ ఉన్న ముసలాయన అయితే? ఆయన తరఫున ఎవరు మాట్లాడారు?

అండాశయాల సంగతి వేరు. రిపోర్టులో వాటికేమైనా జబ్బుందని రాశారా?

ఎస్.కోట అబ్బాయి:
లేదు సార్. రెండూ నార్మల్ అని ఉంది.

కత్తి డాక్టర్:
అయితే ఆ వయసులో నేను తియ్యను. తీసిన రోజే ముట్లుడిగినట్టు. ఒంట్లో వేడి ఆవిర్లు, ఎముకలు పలచబడటం, గుండెకీ మంచిది కాదు. ముందుముందు అక్కడ కేన్సర్ రాకుండా ఉంటుందని తీసేవాళ్ళున్నారు. ఆ వాదనలో పస లేకపోలేదు, కానీ అది పేషెంట్‌కి చెప్పి తేల్చుకోవాల్సిన మాట.

మాజీ థియేటర్ సిస్టర్:
సర్కారీ థియేటర్లలో ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యాను. పాడేరు, అరకు వైపు నుంచి వచ్చిన అమ్మలు ఎందర్నో ఆ గుమ్మం దగ్గర చూశాను. "తెలుసా అమ్మా?" అని అడిగితే అందరూ తలూపుతారు. తెల్లకోటు ముందు తలూపకుండా ఎవరుంటారు? అందుకే "మీరే చెప్పండి" అని అడగాలి. ఆ అమ్మాయి సరిగ్గా అడిగింది.

ఇది సొంత పెత్తనం కూడా కాదు రావుగారూ. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్లకి ఒక చెక్‌లిస్ట్ పెట్టింది. 19 అంశాలు. మత్తు ఇవ్వకముందు, కోత పెట్టకముందు, థియేటర్ నుంచి పంపకముందు, మూడుసార్లు ఆగి చూసుకోవాలి. మొట్టమొదటి గడి ఏంటో తెలుసా? తన పేరు, ఎక్కడ కోస్తారు, ఏం చేస్తారు, ఒప్పుకున్నారా అన్నది పేషెంట్ నోటితో చెప్పాలి. వినాల్సింది నర్సు, మత్తు డాక్టర్. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో దీన్ని వాడి చూసి 2009లో లెక్కలు ప్రచురించారు. పెద్ద ఆపరేషన్ల తర్వాత చావులు నూటికి 1.5 నుంచి 0.8కి దిగాయి. చాలాచోట్ల ఆ కాగితం మీద ఆపరేషన్ అయ్యాక కూర్చుని టిక్కులు పెట్టేస్తారు. నేనూ పెట్టాను, అబద్ధం ఎందుకు.

డాక్టరుగారూ, పక్కకి పిలిచి చెప్పమన్నారు. ఆవిడ ఫోన్ చేసింది కదా, కేకలే కదా వచ్చాయి?

మత్తు డాక్టర్:
ముందు ఇచ్చే మత్తు సూది పడిందా అప్పటికి? పడితే పిన్నిగారి "సరే" కూడా చెల్లదు. ఆ సూదిలో ఇచ్చే మిడజోలం మందు తీసుకున్న మనిషి చక్కగా మాట్లాడతాడు, తర్వాత ఏమన్నాడో గుర్తుండదు.

ఎస్.కోట అబ్బాయి:
సెలైన్ ఒక్కటే ఎక్కుతోంది సార్. సిస్టర్ కూడా ఫోన్‌లో మొదట చెప్పింది అదే, "ఇంకా ఏ సూదీ ఇవ్వలేదు సార్" అని.

మత్తు డాక్టర్:
గట్టి మనిషి.

ఎంవీపీ లాయర్:
సంతకం గురించి ఎవరూ మాట్లాడరేంటి? తెలివిలో ఉన్న పెద్ద మనిషి ఆపరేషన్‌కి మొగుడి సంతకం ఆవిడ సంతకం కాదు. 2008లోనే సమీరా కోహ్లీ అనే పేషెంట్ వేసిన కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. లోపల కెమెరాతో చూసే పరీక్షకని ఆవిడ ఒప్పుకుంది. మత్తులో ఉండగా తల్లి చేత సంతకం పెట్టించి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. తల్లి సమ్మతి చెల్లదంది కోర్టు. కాబట్టి ఆ సిస్టర్ కాపాడింది మీ పిన్నినే కాదు, కేకలేసిన సర్జన్‌ని కూడా. ఆయనకి ఈ ముక్క అర్థమైతే వార్డు నుంచి ఆయనే వెనక్కి పిలిపించుకుంటాడు.

గాజువాక రావు:
కోర్టుల దాకా ఎందుకండీ. మొగుడు చెడు కోరతాడా?

ఎస్.కోట అబ్బాయి:
రావుగారూ, నిన్న రాత్రి బాబాయిని అదే అడిగాను. ఆయనకి అంతా తెలుసట. ఆపరేషన్‌కి రెండు రోజుల ముందు సర్జన్ రూమ్‌లో ఆయనకి వివరంగానే చెప్పారట. "చెప్తే భయపడి రాదు, మళ్ళీ రక్తం పోతాది, ఎక్కించడానికి నా దగ్గరేటుంది" అని పిన్నికి చెప్పలేదు. సర్జన్‌తో మాత్రం "చెప్పేశానండి" అన్నాడు. చెబుతూ ఏడ్చాడు. నేను ఇన్నాళ్ళూ తప్పంతా ఆ డాక్టర్ మీదే వేశాను.

మాజీ థియేటర్ సిస్టర్:
బాబూ, ఎక్కువసార్లు జరిగేది ఇదే. అందుకే పక్కన బంధువులున్నా పేషెంట్‌నే అడుగుతాం.

కత్తి డాక్టర్:
సరే, ఒక మెట్టు దిగుతాను. కానీ ఆ మాట ముందురోజు సాయంత్రం వార్డులో అడగాలి. అప్పుడు లిస్టు చెడదు, ఎవరి పరువూ పోదు. ఉత్తరం రాస్తే ఇది కూడా రాయండి.

ఎస్.కోట అబ్బాయి:
కుట్లు విప్పించుకోడానికి ఇవాళ వెళ్ళాం. ఉత్తరం పిన్ని చెబితే నేను తెలుగులో రాశాను. సిస్టర్ పేరు పెట్టలేదు, "ఆ రోజు పొద్దున నన్ను అడిగిన సిస్టరమ్మ" అని రాయించింది. డాక్టర్‌గారు చెప్పిన ముందురోజు సంగతీ చేర్చాను. సంతకం పెట్టేముందు మొత్తం రెండుసార్లు చదివించుకుంది.